ప్లగ్గులో మూడో కన్నం

నా నోటుపుస్తకంలో "ఫ్రిజ్ తలుపు జుమ్మంది" అని మొదటిసారి రాసుకున్నది జూన్ తొమ్మిదో తారీఖున, ఉదయం ఆరూ నలభైకి. పాలగిన్నె తీద్దామని తలుపు పట్టుకున్నాను. వేళ్ల చివర నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. చెయ్యి లాగేసుకుని, కాసేపాగి మళ్లీ ముట్టుకున్నాను. ఏమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఒకసారి వచ్చి ఇంకోసారి రానిదానికి ఏదో ఒక లెక్క ఉండి తీరుతుంది. అందుకే రాసుకున్నాను.

అప్పుడు ఇంట్లో ముగ్గురం. నేను, మావాడు, ఆరో నెల కడుపుతో ఉన్న మా కోడలు. ఏప్రిల్‌లోనే వంటిల్లు బాగుచేయించాం. కొత్త టైల్సు, కొత్త స్విచ్‌బోర్డులు, ఫ్రిజ్‌కీ వాషింగ్ మెషీన్‌కీ వేరువేరు ప్లగ్గులు. పని చేసింది తిరువూరులో మా వైపు ఇళ్లన్నిటికీ వచ్చే కరెంటు మేస్త్రీయే. పదేళ్లుగా తెలిసినవాడు. చెప్పిన టైముకి వస్తాడు, గోడ పాడుచేయడు.

జుమ్మనడం మా కోడలికీ తెలుసు. నాకంటే ముందే తెలుసట. "కొంచెమేగా అత్తయ్యా, చెప్పులేసుకుంటే అసలు తెలీదు" అంది. ఆ మధ్యాహ్నమే ఫ్రిజ్ పక్కన ఒక రబ్బరు చెప్పుల జత వెలిసింది. ఇది మా ఇంటి వింతేమో అనుకుని వీధిలో నాలుగిళ్లలో అడిగాను. మూడిళ్లలో ఫ్రిజ్ పక్కన చెప్పులున్నాయి. ఎవరైనా చెప్పులతో వంటింటి గడప తొక్కితే అరిచి గోల చేసే ఇళ్లే ఆ మూడూ.

అప్పటి నుంచి నాకు నెమ్మది లేకుండా పోయింది. హాల్లో కూర్చుని పేపరు చదువుతుంటే లోపల ఫ్రిజ్ తలుపు రబ్బరు విడిన చప్పుడు వినిపించేది. మళ్లీ మూసుకున్న చప్పుడు వినిపించేదాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు. కోడలు అంట్లు తోముతూ తడి చేతులతోనే వెళ్లి తలుపు తీస్తుంది. చెప్పులు ఒకసారి వేసుకుంటే రెండుసార్లు మర్చిపోతుంది. "కరెంటు కాదమ్మా, నీ పుస్తకమే షాక్ కొడుతోంది మాకు" అని మావాడు నవ్వేవాడు.

జూన్ ఇరవై ఒకటికి పుస్తకంలో పద్నాలుగు సార్లు పడింది. అందులో పదకొండు సార్లు నీళ్ల మోటారో ఇస్త్రీపెట్టో నడుస్తోంది. ఆ పదకొండు సార్లూ ట్యూబ్‌లైటు కాస్త వణికింది. మిగతా మూడు సార్లు నేను గమనించలేదు, అది నా తప్పు. మేస్త్రీని పిలిచి ఆ పేజీ చూపించాను.

"టీచర్ గారూ, మీరు కరెంటుకి కూడా హాజరుపట్టీ పెట్టారా?" అన్నాడు.

"నవ్వింది చాలు. ఎర్తు సరిగా ఉందా లేదా, అది చెప్పు."

అతను సంచిలోంచి టెస్ట్ ల్యాంపు తీశాడు. హోల్డరులో బల్బు, దానికి రెండు తీగలు, అంతే. ఒక తీగ ప్లగ్గులో కరెంటు వచ్చే కన్నంలో పెట్టాడు. రెండోది పైన పెద్దగా ఉండే మూడో కన్నంలో, అంటే ఎర్తులో పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది.

"చూశారా? ఎర్తు లేకపోతే వెలుగుద్దాండీ? వందకి వంద మార్కులేసుకోండి."

వేశాను. రుజువు కళ్లముందు వెలుగుతుంటే ఇంకేం అడుగుతాను? ఆ రోజు నుంచి పుస్తకం తెరవలేదు. ఐదు రోజులు.

ఆరో రోజు, జూన్ ఇరవై ఆరు, పదకొండూ పది. నేను మిద్దె మీదకి నీళ్లు ఎక్కడానికి మోటారు వేసి వాకిట్లో ఉన్నాను. వెనకవైపు నుంచి కోడలి గొంతు. కేక కాదు, గొంతులోనే నొక్కుకుపోయిన చప్పుడు. వెళ్లేసరికి వాషింగ్ మెషీన్‌కి రెండడుగుల దూరంలో, తడి నేల మీద కూలబడి ఉంది. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, "చెయ్యి రాలేదత్తయ్యా... లాగితే రాలేదు" అంటోంది. మొహంలో రక్తం లేదు. అంతలో ఆ ఎడంచెయ్యి పొట్ట మీదకి పోయింది. బిడ్డ కదులుతోందా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. నేను గోడ మీది గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాను. నూట నలభై ఆరు. బాగానే ఉందన్నారు. ఇంటికొచ్చి మెయిన్ ఆపేశాను. ఫ్యాను లేకుండా ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఈసారి మావాడు నవ్వలేదు.

మర్నాడు వేరే మనిషిని పిలిపించాను. వైర్‌మన్‌గా చేసి రిటైరై, ఇప్పుడు మోటార్లు రీవైండింగు చేసే షాపు పెట్టుకున్న సాయిబుగారు. మేస్త్రీని కూడా రమ్మన్నాను. ఒకరు లేనప్పుడు వాళ్ల పనికి మార్కులెయ్యడం నాకిష్టం ఉండదు.

సాయిబుగారు రాగానే మెయిన్‌లోంచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. "ఇది నా జేబులో ఉంటేనే నా చెయ్యి తీగ మీదకెళ్లుద్దమ్మా. బల్ల మీద పెడితే ఎవరో ఒక పుణ్యాత్ముడు తెచ్చి పెట్టేస్తాడు" అన్నారు. మెయిన్ డబ్బా విప్పి నన్ను దగ్గరికి పిలిచారు. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ బిగించే స్క్రూ నల్లగా మాడిపోయి ఉంది. ఆయన వేలితో తిప్పితే తిరిగింది.

తర్వాత ఇంట్లోని వస్తువులన్నిటి ప్లగ్గులూ పీకించారు. రెండుసార్లు తిరిగి స్వయంగా చూసుకున్నారు. ఆ న్యూట్రల్ తీగను మెయిన్ దగ్గర పూర్తిగా ఊడదీసి, ఫ్యూజు మళ్లీ పెట్టి, మేస్త్రీ చేతికి అతని టెస్ట్ ల్యాంపే ఇచ్చారు. "ఇప్పుడు చూడు."

మేస్త్రీ మొన్నటిలాగే రెండు కన్నాల్లో తీగలు పెట్టాడు. బల్బు వెలగలేదు. తీగలు కదిపాడు. వెలగలేదు.

"మొన్న వెలిగింది ఎర్తుతో కాదు, న్యూట్రల్‌తో" అన్నారు సాయిబుగారు. మళ్లీ ఫ్యూజు జేబులో వేసుకుని ప్లగ్గు విప్పి చూపించారు. మూడో కన్నం వెనక నుంచి రెండంగుళాల పచ్చ తీగముక్క పక్కనున్న న్యూట్రల్‌కి కలిపి ఉంది. భూమిలోకి వెళ్లే తీగే లేదు. "ఇప్పుడు స్క్రూ వదులైంది కాబట్టి, మోటారు వేసినప్పుడల్లా కొంత కరెంటు ఈ ముక్క మీదుగా బయటికొస్తది. ఆ స్క్రూ పూర్తిగా ఊడిన రోజున, ఫ్రిజ్‌లోకెళ్లిన కరెంటుకి తిరిగెళ్లే దారుండదు. ఈ ముక్క మీదుగా తలుపులోకొస్తది. ఆ తలుపు ఎవరు పట్టుకుంటే వాళ్లే దారి."

గది గుమ్మంలో నిలబడి కోడలు వింటోంది. నేను దగ్గరికి వెళ్లి ఆమె భుజం పట్టుకున్నాను.

"ఎర్తు గుంట ఏది?" అని సాయిబుగారు అడిగారు.

మేస్త్రీ నావైపు చూసి తల దించుకున్నాడు. "వాకిట్లో సిమెంటు చేసినప్పుడు మూసేశారండి. పైపు కూడా కోసేశారు."

మూయించింది నేనే. రెండేళ్ల కిందట, బండి పెట్టుకోవడానికి వాకిలి చదును చేయిస్తూ, నీటిమట్టం గొట్టంతో నాలుగు మూలలూ కొలిపించి, మధ్యలో ఈ గుంట ఏమిటి, పూడ్చెయ్యమన్నాను. అది దేనికని అడగలేదు. అడగని ప్రశ్నకి మార్కులుండవని పిల్లలకి చెప్పినదాన్ని.

"గుంట లేదని ఈమెకి చెప్పాల్సింది నువ్వు" అన్నారు సాయిబుగారు మేస్త్రీతో.

"అందరం ఇలాగే కలుపుతామండీ. నాకు పని నేర్పినాయన ఇలాగే చూపించాడు. బల్బు వెలిగితే చాలన్నాడు." అంటూనే చటుక్కున ఫోను తీశాడు. "మా ఇంట్లో కూడా నేనే చేశా..." అవతల భార్య ఎత్తగానే, "ఫ్రిజ్ ముట్టుకోమాక! ఏదీ ముట్టుకోమాక! పిల్లల్ని తీసుకుని బయటికి రా, నేనొచ్చి మెయిన్ ఆపుతా" అని అరుస్తూ బండెక్కాడు. సంచి మా ఇంట్లోనే వదిలేశాడు. అతని మీద నాకున్న కోపం ఆ గుమ్మం దగ్గరే చల్లారింది. భయం మాత్రం రెండింతలైంది.

రెండు రోజులు పట్టింది. వాకిలి పగలగొట్టి ఎనిమిదడుగుల గొయ్యి తీశారు. బొగ్గులు, ఉప్పు వేసి పైపు దించి, అక్కడి నుంచి ప్రతి ప్లగ్గుకూ తీగ లాగారు. మేస్త్రీ కూలివాళ్లతో పాటు తనే గడ్డపార పట్టాడు. చివర న్యూట్రల్ ఊడదీసి ల్యాంపు పెడితే, ఈసారి బల్బు వెలిగింది. నేను ఊరుకోలేక వేళ్ల వెనకవైపుతో ఫ్రిజ్ తలుపు తాకబోయాను. సాయిబుగారు గట్టిగా అన్నారు: "చేత్తో చూడొద్దమ్మా! చూడ్డానికి ల్యాంపుంది."

అన్నీ సర్దాక పాలగిన్నె తెమ్మంటే కోడలు కదల్లేదు. "మీరే తీయండత్తయ్యా" అంది. తీశాను. ఏమీ కాలేదు. అయినా ఆమె దగ్గరికి రాలేదు.

వచ్చే వారం ఏడో నెల వస్తుంది. తొలికాన్పు కాబట్టి గంపలగూడెంలో పుట్టింటికి పంపాలి. మంచిరోజు కూడా పెట్టేశారు. ఆ సాయంత్రం బట్టలు మడుస్తూ మడుస్తూ ఆగి, "అత్తయ్యా, మా అమ్మ వాళ్లింట్లో వాషింగ్ మెషీన్ బాత్రూములోనే ఉంటుంది" అంది.

వెంటనే మా వియ్యపురాలికి ఫోను చేశాను. క్షేమసమాచారాలు అయ్యాక అడిగాను. "మీ ఇంట్లో ఎర్తు ఉందా వదినగారూ?"

"ఎర్తంటే ఏంటండీ?" అందామె. "కరెంటు మాత్రం బాగానే వస్తదండీ మాకు. ఏం, ఎందుకడుగుతున్నారు?"

కోడలు మడిచిన చీర ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. మంచిరోజుకి ఇంకా ఆరు రోజులుంది. అందులో రెండు రోజులు గొయ్యి తీయడానికీ తీగలు లాగడానికే పోతాయి. సాయిబుగారికి ఈలోగా వాళ్లింటికెళ్లి ఎర్తు చూడ్డానికి వీలు కాకపోతే అమ్మాయిని పంపనని, ఎవరేమనుకున్నా సరేనని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను.