చక్కెర డబ్బాకు తాళం

మా బావ టైలర్. చేతికందే దూరంలో కత్తెర ఉన్నా దారం మాత్రం పళ్ళతోనే తెంపుతాడు. అదేమిటని అడిగితే, "నోట్లో ఇన్ని కత్తెర్లుండగా ఇంకోటెందుకోయ్ బావమరిదీ!" అంటాడు.

అలాంటి మనిషికి కంట్లో శుక్లం వచ్చింది. సూది బెజ్జం మసకేసింది. మిషను అలవాటు మీద నడిచిపోయేది గానీ, దారం ఎక్కించాలంటే దారినపోయేవాళ్ళను పిలవాల్సిందే. కొలతలివ్వడానికొచ్చిన పెద్దమనిషి చేతిలో సూది పెట్టి, "కాస్త ఎక్కించండి సార్, మీ చెయ్యి మంచిది" అని బావ ఇకిలిస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కళ్ళ డాక్టరేమో షుగర్ దిగితే తప్ప ఆపరేషన్ లేదని తేల్చేశాడు.

అది దిగితేగా! మాత్రలు మింగాడు, పొద్దున్నే నడిచాడు, తిండి సగానికి సగం తగ్గించాడు. మొండి చుట్టంలా షుగర్ అక్కడే తిష్ఠవేసింది. దాంతో మా అక్క మొగుడి మీద నిఘా పెట్టింది. చక్కెర డబ్బాను అలమరలో పెట్టి తాళం వేసింది. ఒకరోజు చొక్కా ఉతకబోతూ జేబులో తెల్లటి ముక్కలు పట్టుకుంది.

"ఏంటివి? పంచదార బిళ్ళలేనా?"

"నీ మొహం! నాలిక్కి రాసుకుని చూడు."

చూసింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద! ఆ పూటంతా ఉమ్ముతూ తిరిగింది గానీ, అనుమానాన్ని మాత్రం ఉమ్మెయ్యలేదు.

ఆ వారంలోనే పళ్ళ డాక్టరమ్మ, గుండీ కుట్టమని ఇచ్చిన తన తెల్లకోటు కోసం బావ కొట్టు దగ్గరికి వచ్చింది. తీరా చూస్తే గుండీ పక్కన ఎర్రటి చుక్క.

"సూది గుచ్చుకున్నట్టుందమ్మా," అని అక్క గబగబా సర్దబోయింది.

"వేళ్ళు బాగానే ఉన్నాయిగా. దారం నోటితో తెంపుతారా? ఏదీ, నోరు తెరవండి."

బావ తెరిచాడు. డాక్టరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. అక్క పైకప్పుకేసి చూడసాగింది. ఆ వాసన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

"చిగుళ్ళన్నీ వాచిపోయాయి. షుగరుందా?"

"ఉందా ఏంటమ్మా, ఏం చేసినా దిగి చావదు! చాటుగా తింటున్నాడు," అంది అక్క.

డాక్టరమ్మ నవ్వింది. "అందరి నోట్లోనూ కంటికి కనబడని సూక్ష్మజీవుల ఊరే ఉంటుందండీ. చాలామటుకు మంచి కాపురస్తులే. పళ్ళకు గార పట్టిందనుకోండి, దాని చాటున చెడ్డవి గుంపు కడతాయి. చిగుళ్ళు పుండుపడతాయి. ఆ గొడవ నోటితో ఆగదు. ఒళ్ళంతా దాంతో పోరాడుతుంటే షుగర్ మందు సరిగ్గా పనిచెయ్యదు. షుగర్ పెరిగితే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి."

బావ దాన్ని తన టైలర్ లెక్కలోకి మార్చుకున్నాడు. "లోపల లైనింగ్ చివికిపోతే పైగుడ్డకెంత ఇస్త్రీ చేసినా నిలవదు. అంతేగా?"

"అచ్చం అంతే."

"విన్నావుటే? దొంగ నేను కాదు, నా నోట్లో అద్దెకున్నవాళ్ళు!"

డాక్టరమ్మ కొన్ని వారాలపాటు చిగుళ్ళ అడుగుదాకా గార తీసింది. మెత్తటి బ్రష్షు ఇచ్చి, రాత్రి పడుకోబోయే ముందు కూడా తోముకోమంది. "పళ్ళతో దారం తెంపడం మాని, దారంతో పళ్ళ సందులు శుభ్రం చేసుకోండి" అని గట్టిగా చెప్పింది. బావ మాత్రలూ మానలేదు, నడకా మానలేదు.

కొన్నాళ్ళకు పరీక్ష చేయిస్తే షుగర్ దిగింది! కళ్ళ డాక్టర్ ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశాడు. బావ వీధి మొదటినుంచే "నేను నిర్దోషిని!" అని కేకలేస్తూ ఇంటికొచ్చాడు. అక్క అలమర తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మురిసిపోకు. తినమని కాదు, నిన్ను అనుమానించినందుకు."

కన్ను కుదుటపడ్డాక కొట్టు తెరిచినరోజు, అప్పట్లో సూదికి దారం ఎక్కించిన పెద్దమనిషితో సహా అందరం చుట్టూ నిలబడ్డాం. బావ దారం కొస తడిపి, సూదిని వెలుతురుకెత్తి, ఒక్క దెబ్బకు ఎక్కించాడు. చప్పట్లు మోగిపోయాయి. పెద్దమనిషయితే ఈలే వేశాడు.

మొదటి పని డాక్టరమ్మ కొత్త కోటుకు గుండీ. అక్క కత్తెర తెచ్చి ఎదురుగా పెట్టి, నీళ్ళు తేవడానికి అటు తిరిగింది. బావ నాకేసి కన్నుకొట్టి, కోటును నోటిదగ్గరికి తీసుకున్నాడు. టక్!

ఆ తర్వాత కోటును జెండాలా పైకెత్తి అందరికీ చూపించాడు. మల్లెపువ్వులా తెల్లగా ఉంది, ఒక్క చుక్క లేదు.

"వినపడింది," అంది అక్క, ఇటు తిరగకుండానే.