పేరమ్మ చేతికొచ్చిన పొయ్యి

శుక్రవారం పొద్దున్నే పేరమ్మ నాలుగు కిలోల రొయ్యలు ఒలిచి, ఉప్పూ పసుపూ పట్టించి మూతపెట్టింది. పట్టించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాజోలు వైపు పుట్టిన మనిషి రొయ్యలు ఒలిచాక చెయ్యి దానంతటదే ఉప్పుడబ్బా మీదికి పోతుంది.

మధ్యాహ్నం ఆమె పనిచేసే ఇంటికి పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు. అందరూ సజ్జా ఎడారిలో గ్యాస్ బావులు తవ్వే అమెరికన్లు. ఇల్లు వాళ్ళ పై అధికారి గిద్రీది, షార్జాలో. ఆయనదీ, వచ్చేవాళ్ళలో సగం మందిదీ లూసియానా రాష్ట్రం. కారం లేనిదే వాళ్ళకు ముద్ద దిగదు. నెలకోసారి గిద్రీ భార్య డోరిస్ తమ ఊరి వంట చేసి పెడుతుంది. పొగబెట్టిన పంది సాసేజీ, రొయ్యలు, టమాటాలు, కారం, అన్నీ ఒకే ఇనప మూకుడులో. ఆ మూకుడును పనివాళ్ళు కడగాలే తప్ప పొయ్యి మీద పెట్టకూడదు. అది ఆ ఇంటి చట్టం.

మంగళవారం డోరిస్ స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చట్టం అక్కడ సడలింది.

"ఈ ఒక్కసారి నువ్వు చెయ్యి," అంది పేరమ్మతో, వచ్చీరాని హిందీలో. "బాగా వస్తే వంటగది నీది. రాకపోతే రేపు కంపెనీ మెస్ నుంచి వంటవాణ్ణి తెచ్చుకుంటాను."

పేరమ్మకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఊళ్ళో పదేళ్ళపాటు పెళ్ళిళ్ళకు, దినాలకు గాడిపొయ్యి దగ్గర నిలబడిన మనిషి. వంట పనేనని ఏజెంటు చెప్పి విమానం ఎక్కించాడు. దిగాక చేతికి బక్కెట్టూ చీపురూ వచ్చాయి. పంతొమ్మిది వందల ఎనభై రెండులో వచ్చింది, ఇప్పుడు ఎనభై మూడు. ఏడాదిగా ఇంకొకరు వండిన గిన్నెలు తోముతోంది.

డోరిస్ ఎడమచేతి వేళ్ళు మడుస్తూ వరస చెప్పింది. ముందు సాసేజీ ముక్కలు. వాటి కొవ్వులోనే ఉల్లి, సెలరీ కాడలు, బెంగుళూరు మిరపకాయలు. తరవాత టమాటా, కారం. రొయ్యలు ఆఖర్న, ఒంపు తిరగ్గానే దింపెయ్యాలి. అన్నంలో ఉప్పూ వెన్నా వెయ్యాలి. చెప్పేసి బట్టలు మార్చుకోవడానికి పైకి వెళ్ళింది.

పిల్లల్ని చూసుకునే అక్తర్ బీ వంటగది గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. జగిత్యాల మనిషి, పేరమ్మ కంటే పదేళ్ళు పెద్ద. సాసేజీ ఉన్న బల్ల వైపు కూడా రాదు.

మూకుడు కాగింది. పేరమ్మ గిన్నె ఎత్తి రొయ్యలన్నీ కుమ్మరించేసింది. చుయ్యిమంది. నీరు ఊరడం మొదలైంది.

"ఏమే, మేడమ్ రొయ్యలు ఆఖరుకు ఏయమన్నది గద?" అంది అక్తర్ బీ.

పేరమ్మ చెయ్యి ఆగిపోయింది. రాజోలు వైపు రొయ్యల్ని ముందు పొయ్యెక్కించి నీరంతా ఇగరబెడతారు. ఆ తరవాతే మిగతాది. బల్ల మీద సాసేజీ ముక్కలు అలాగే ఉన్నాయి.

"నా సెయ్యి ఇరిగినా బాగుండేదక్కా."

"ఇద్దరి చేతులు ఇరిగితే ఒండేదెవరు? నేనైతే ముట్ట. తియ్ జల్ది."

చిల్లుల గరిటెతో రొయ్యల్ని పళ్ళెంలోకి తీసింది. సగమే ఉడికాయి, ఇంకా మెత్తగానే ఉన్నాయి. మూకుడులో మిగిలిన నీళ్ళు పారబొయ్యడానికి వంచి, వాసన చూసి, గిన్నెలోకి ఒంపుకుంది. ఆ తరవాత వరస తప్పలేదు. సాసేజీ ముక్కలు అంచులు నల్లబడేదాకా వేగాయి. ఉల్లీ మిరపా మగ్గాయి. టమాటా వేసి, డోరిస్ ఇచ్చిన అమెరికా కారం బుడ్డి మొత్తం దులిపి, చాలదనిపించి తన పెట్టెలోంచి ఊరి కారం తెచ్చి రెండు చెంచాలు వేసింది. చివర్న రొయ్యల నీళ్ళు పోసింది. వంటగది వాసనే మారిపోయింది.

పులుసు చేతిలో వేసుకుని నాకింది.

"ఉప్పు కషాయం అక్కా. ఆ ముక్కల్లో ఉప్పే, రొయ్యల్లోనూ ఉప్పే. ఓ సుక్క నువ్వు సూడు."

"తౌబా. అండ్ల పంది ఉన్నది, నన్ను సూడమంటవా? టమాట ఇంకింత ఎయ్."

"అయిపోయాయి."

"జుమ్మా నమాజ్ అయిందాంక బకాలా దుకాణం తెర్వడు. ఖలాస్, మెస్సోడొస్తడు, ఇగ నీ గిన్నెలు నీకే."

నీళ్ళు పోస్తే చారవుతుంది. పేరమ్మ కాసేపు మూకుడు వైపు చూసింది. పక్క పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పక్కనే డోరిస్ కొలిచి పెట్టిన ఉప్పు, వెన్న. ఆమె ఆ రెండూ తీసి అలమారలో పెట్టేసి, బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

"ఉప్పెయ్యవా?"

"అన్నంలో ఉప్పేటక్కా. మీ ఊళ్ళో ఏత్తారా?"

"మా ఊళ్ళ ఎవలేస్తరు?"

"మరి?"

అన్నం ఉడికి, రొయ్యలు మళ్ళీ మూకుడులో పడి ఒంపు తిరిగేసరికి వీధిలో కార్లు ఆగిన చప్పుడైంది. డోరిస్ గబగబా దిగివచ్చి, గరిటెతో కాస్త పులుసు నాకి, మొహం చిట్లించింది.

"ఉప్పు," అంది.

"మేడమ్, రైస్ నో సాల్ట్," అంది పేరమ్మ. పళ్ళెంలో రెండు గరిటెల అన్నం పెట్టి, పైన పులుసు, రొయ్యలు, సాసేజీ వేసి అందించింది. "మిలాకే ఖానా."

డోరిస్ ఎడమచేత్తో కలిపి ఒక చెంచా తింది. ఇంకో చెంచా తింది. అతిథులు గుమ్మంలోకి వచ్చేసినా పళ్ళెం కింద పెట్టలేదు.

ముందుగదిలో పావుగంటసేపు చెంచాల చప్పుడే. ముక్కులు తుడుచుకుంటూ, చల్లటి బీరు తాగుతూ, మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. మూకుడు అడుగుకు అంటినదాన్ని రొట్టెముక్కలతో గీకి తిన్నారు. తెల్లమీసాల ఫోర్‌మన్ ఒకాయన ఖాళీ పళ్ళెంతో వంటగది దాకా వచ్చేశాడు.

"డోరిస్, చెయ్యి విరిగాక నీ వంట బాగుపడిందేమిటి?"

"నేను కాదు," అని డోరిస్ పేరమ్మను భుజం పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళింది. పన్నెండు మందీ బల్ల మీద దరువేశారు. పేరమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ నిలబడింది. తల మాత్రం వంచలేదు.

తిరిగి వచ్చేసరికి అక్తర్ బీ ఒట్టి అన్నం, పెరుగు కలుపుకుని తింటోంది.

"ఏమన్నరే?"

"బల్ల ఇరగ్గొట్టారక్కా."

"ఇగ మాతోని మాట్లాడుతవా, ఒంటింటికి ముదీరమ్మవు, మేనేజరమ్మవైతివి?"

"ముందు లెగిసి గిన్నెలు తోము, అప్పుడు సూద్దాం."

ఇద్దరూ నవ్వుకుంటూ తోమారు.

సోమవారం నుంచి ఆ ఇంట్లో బట్టలూ గదులూ చూసుకోవడానికి అజ్మాన్ నుంచి ఇంకో మనిషి వచ్చింది.