మా అత్త దాకా వచ్చి ఆగిన సత్ప్రసాదం

ఒక ధర్మయుద్ధం కథ చెబుతాను. ఇందులో పీఠాధిపతులున్నారు, రాజకీయాలున్నాయి, పాపపుణ్యాల విచారణ ఉంది, స్త్రీజనం తిరుగుబాటు ఉంది, పది పర్వాలకు సరిపడా సరుకుంది. ఇలా మొదలుపెట్టాలని మొన్న కడప బస్టాండులో కూర్చున్నప్పుడు గట్టిగా అనిపించింది గానీ, నిజం చెప్పాలంటే ఇందులో పీఠాధిపతి ఎక్కడా కనబడరు, రాజకీయమంటే ఒక ఎంపీటీసీ పదవి, ఇక తిరుగుబాటు సంగతి మీరే చూస్తారు.

ఆ రోజు బస్సు కోసం చూస్తూ ఫోను తిప్పుతుంటే ఒక వీడియో తగిలింది. ఎక్కడో విదేశంలో, అబార్షన్ ఆడవాళ్ళ హక్కు అన్న కతోలిక నాయకులకు, పూజలో క్రీస్తు శరీరంగా నోటికందించే దివ్యసత్ప్రసాదం ఇవ్వకూడదని కొందరు బిషప్పులు, ఇవ్వాలని కొందరు వాదించుకుంటున్నారు. నాకు మాత్రం డోన్ దగ్గర మేం గుడి అని పిలిచే మా ఊరి చర్చి, ఆడవాళ్ళ వరుసలో నిలబడ్డ మా మేనత్త గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. అంతలో ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా. అది ఆత్మకూరు బస్సు కాబట్టి నాకు నష్టం లేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కీప్యాడు ఫోన్లు పోయి టచ్ ఫోన్లు వస్తున్న రోజులవి. వారమంతా డోన్‌లో సెల్‌ఫోన్ల అంగట్లో పనిచేసి, ఆదివారం గుడిలో కీబోర్డు వాయించేవాణ్ణి. రెండుచోట్లా నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టాలని ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. అత్త, మా నాన్నకు అక్క, ఆడవాళ్ళకు కేటాయించిన సీటులో ఎంపీటీసీ సభ్యురాలైంది. ఆమె రాజకీయమంతా, బోరింగు చెడిపోతే బాగుచేసేవాడు కదిలేదాకా మండలాఫీసు మెట్ల మీద కూర్చోవడమే. ఆదివారం సత్ప్రసాదం తీసుకునేదాకా టీ కూడా ముట్టేది కాదు. మామ పోయిన తరువాత వారం మొత్తంలో ఆమె తన కోసం చేసుకునే పని అదొక్కటే.

ఆ ఏడు మా వీధిలో నలుగురు పిల్లల తల్లి ఒకామె, ఐదో కాన్పు వద్దనుకుని, ఆసుపత్రిలో అడగడానికి సిగ్గుపడి, ఎవరో చెప్పిన చోటికి పోయి ఏదో మందు మింగి, రక్తం పోతూ తిరిగొచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న ఆటోలో ఆమె తల అత్త ఒళ్ళో ఉంది. వెల్దుర్తి దాటాక అత్త డ్రైవరుతో, "ఇంక నిదానంగానే పోనీప్పా," అందట.

తరువాతి మండల సమావేశంలో అత్త లేచి నిలబడింది. "కడుపు తీయించుకోవాలంటే ఆడది దొంగ మాదిరి యాడికో పోయి సచ్చే గతి ఉండకూడదు. ఉంచుకునేది, తీయించుకునేది ఆమె ఇష్టం. మన ఆస్పత్రిలోనే డాక్టరమ్మ చేయాల," అని తీర్మానం పెట్టించింది. పేపరులో ఫోటోతో సహా పడితే మేమందరం సంబరపడ్డాం. మా ఫాదర్ కూడా ఆ పేపరే తెప్పించుకుంటారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఫాదర్ చెడ్డమనిషి కాదు. కోస్తా నుంచి వచ్చి మా ఎండలకు, మా కారానికి ఓర్చుకున్న మనిషి. అత్తను పిలిపించి, పుట్టని బిడ్డదీ ప్రాణమేననీ, ఆ మాట వెనక్కి తీసుకున్నానని సభలో చెప్పేదాకా సత్ప్రసాదం ఇవ్వలేననీ మెల్లగా చెప్పారు. "అది ప్రాణమేనని నేనూ అంటాండా ఫాదరూ. నా ఒళ్ళో పోయినామెది ఏంది మరి?" అందట అత్త.

ఆ ఆదివారం ఆమె వరుసలో నిలబడింది. ఇవ్వరని తెలిసీ ఎందుకు నిలబడిందో నేను అడగలేదు.

మా గుడిలో ఒక అలవాటుంది. పండగల్లో సత్ప్రసాదంగా ఇచ్చే పల్చటి అప్పాలు ఎప్పుడూ చాలేవి కావు. అయిపోగానే ఫాదర్ వరుసలో ముందున్నవారి తల మీద చెయ్యి పెట్టి దీవించేవారు. అది చూసి వెనకవాళ్ళు మారుమాట లేకుండా చాపల మీదికి వెళ్ళిపోయేవారు. ఆ రోజు అత్త ముందుకొచ్చి నోరు తెరవగానే, ఫాదర్ ఏం చెయ్యాలో తోచక ఆమె తల మీద చెయ్యి పెట్టారు. అంతే, వెనకున్న ముప్పైమంది ఆడవాళ్ళూ గిరుక్కున తిరిగి వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళను చూసి మగవాళ్ళ వరుస కూడా కరిగిపోయింది. అప్పాలు నిండుగా ఉన్న పాత్రతో ఫాదర్, ఆయనకెదురుగా అత్త, ఇద్దరే మిగిలారు. నేను కంగారులో మొదటి చరణమే మూడుసార్లు వాయించాను.

సాయంత్రానికి అది తిరుగుబాటైపోయింది. ఎంపీటీసీ కోసం ఆడవాళ్ళంతా సత్ప్రసాదం వద్దన్నారని డోన్ దాకా పాకింది. మా అమ్మను అడిగితే, "అప్పాలు అయిపోయినాయి అనుకుంటిమిరా. ఇప్పుడు ఊరూరా మెచ్చుకుంటాండారు, కాదని ఎట్ల చెప్పేది?" అంది.

ఆ కబురు ఫాదర్‌ను భయపెట్టింది. బుధవారం అత్త ఇంటికొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంతమందిని గుడికి దూరం చేసుకోలేననీ, ఏ మాటా వెనక్కి తీసుకోనక్కరలేదనీ, వచ్చే ఆదివారం వరుసలోకి రమ్మనీ అన్నారు. ఆయన కుర్చీ వెనక నిలబడి, ఒప్పుకోమని నేను చెయ్యని సైగ లేదు.

అత్త నన్ను చూసింది, ఫాదర్‌ను చూసింది. "వాళ్ళు నా కోసం పోలేదు ఫాదరూ. అప్పాలు అయిపోయినాయి అనుకొని పోయిరి," అంది.

"అలాగా అమ్మా," అన్నారాయన. టీ తాగి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం మళ్ళీ ఇవ్వలేదు.

"నోరు మూసుకొని ఉంటే ఏం పోయింది అత్తా?" అన్నాను కోపంగా.

"మోసం చేసి తెచ్చుకునేదానికి అదేమన్నా రేషన్ బియ్యమేమిరా?" అంది.

ఆ తరువాత నలుగురు ఫాదర్లు మారారు. కొత్తగా వచ్చిన ఎవరికీ ఈ సంగతి తెలియదు. నిశ్శబ్దంగా వెళ్ళి నిలబడితే సరిపోయేది. కానీ వచ్చిన ప్రతి ఫాదర్‌కూ మొదటివారమే వెళ్ళి, తాను సభలో అన్నదీ, ఇప్పటికీ అదే అంటున్నదీ పూసగుచ్చినట్టు చెప్పేది. బిషప్‌గారిని అడిగి చెబుతామనేవారు. జవాబు వచ్చేలోపు బదిలీ వచ్చేది. అత్త ఇప్పటికీ వెనక చాప మీద కూర్చుని, అందరూ తీసుకుని వచ్చేదాకా కళ్ళు మూసుకుంటుంది. ఇంటికెళ్ళాకే టీ తాగుతుంది.

ఆ తిరుగుబాటు కథ చెప్పి నేను చాలామందిని నవ్వించాను. ఇప్పుడు చెబుతుంటే మధ్యలో నా నవ్వే ఆగిపోతోంది. ఆ రోజు ఒక్కరైనా నిజంగా ఆమె కోసం వెనక్కి తిరిగి ఉంటే ఎంత బాగుండేది! ఎవరో ఎందుకు, పాత్ర నిండుగా ఉందని చూసినవాణ్ణి నేనే. నేనూ వాయిస్తూ కూర్చున్నాను. ఆ ఆడవాళ్ళలో సగంమంది బెంగళూరు పనులకు వెళ్ళిపోయారు, వరుస అనదగ్గ జనం మా గుడిలో ఇప్పుడు లేరు. ఎవరికివ్వాలి, ఎవరికి మానాలి అన్న పోరు ఫోనులోనే జోరుగా ఉంది. మాకు ఏడూళ్ళకు కలిపి ఒక్కరే ఫాదర్. పూజ నెలలో రెండో ఆదివారం, పొద్దున ఆరున్నరకు.