ఫ్లెక్సీ మీద లేని పేరు

నలభైకి దగ్గరపడ్డాక డీటీపీ కోర్సులో చేరానని మా వీధిలో నవ్వనివాళ్ళు లేరు. "ఈ వయసులో కంప్యూటరేంటి వదినా!" అని మా ఆడపడుచు మూతి తిప్పింది. నాకు ఒళ్ళు మండి మరింత పట్టుదలగా వెళ్ళాను. పిఠాపురంలో ఓ ఫ్లెక్సీల షాపు మేడ మీద మా క్లాసు. మొదట తెలుగు టైపింగు, తరువాత విజిటింగ్ కార్డు, ఆ తరువాత శుభలేఖ. నెల తిరిగేసరికి ఫొటోలోంచి మనిషిని కత్తిరించి వెనకాల ఏం కావాలంటే అది పెట్టడం కూడా వచ్చేసింది. అబ్బో, అప్పుడు నా గర్వం చూడాలి!

నాకు దక్కిన మొదటి అసలు పని చావు ఫ్లెక్సీ. ఉప్పాడ నుంచి ఒకతను సెల్‌ఫోన్‌లో వాళ్ళన్నయ్య ఫొటో తెచ్చాడు. ఆ అన్నయ్య వేటకెళ్ళి గాలివానలో చిక్కుకున్నాడట. బోటు చెక్కలు ఒడ్డుకొచ్చాయి, మనిషి రాలేదు. పెద్దకార్యానికి ఫ్లెక్సీ కావాలన్నాడు. ఫొటోలో ఆయన ఎవరిదో పెళ్ళిలో, భోజనాల బంతిలో కూర్చుని నవ్వుతున్నాడు. అరిటాకు తీసేశాను. పక్కవాళ్ళని తీసేశాను. వెనక మబ్బులు పెట్టి, మెడలో గులాబీల దండ వేసి, కింద 'అశ్రునయనాలతో' అని భార్య, పిల్లలు, తమ్ముడి పేర్లు కొట్టాను. "భలే వచ్చిందండీ!" అన్నారు మా సారు. నేను పొంగిపోయాను.

ప్రింటుకి ముందు చూసుకోవడానికి మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఆ అన్నయ్య భార్య కూడా ఉంది. నుదుట ఇంత బొట్టు, చేతుల నిండా గాజులు. స్క్రీను వైపు అలా చూస్తూ నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు.

"ఆయన కనబళ్ళేదు కదండీ. కనబడనోడికి దండేంటండీ?" అంది.

"కార్యం చెయ్యకపోతే ఎలా వదినా? అమ్మ తిండి మానేసింది," అన్నాడు మరిది, బతిమాలుతున్నట్టు.

కింద షాపులో ప్రింటింగ్ మిషను గరగరమంటోంది. ఆవిడ నా వైపు తిరిగింది.

"దండ ఉంచండి మేడమ్‌గారూ, మా అత్త కోసం. కింద నా పేరు మాత్రం తీసెయ్యండి. నేను ఏడవట్లేదు కదండీ."

మరిది తల వంచుకున్నాడు. నేను ఆ పేరు తీసేశాను. ఒక్క మీట నొక్కానంతే, కింది పేర్లు పైకి జరిగాయి. ఆవిడ పేరున్న చోటు కూడా మిగల్లేదు.

ఇప్పుడు ఆ షాపులోనే పని చేస్తున్నాను. ఎంతమందికి దండలు వేశానో, ఒక్కరూ గుర్తులేరు. ఆయన మాత్రం నన్ను వదలడు. చెవి అంచు, మెడ వంపు, నుదుటి మీద పడే జుట్టు, అన్నీ మౌసుతో చుట్టూ గీసి కత్తిరించినదాన్ని కదా, మా ఇంట్లోవాళ్ళ ముఖాలకన్నా ఆ ముఖమే నాకు బాగా తెలుసు. బజార్లో ఎవరి చెవి అలా కనిపించినా హడలిపోతాను.

మొన్న చేపల మార్కెట్లో ఆవిడ పండుగొప్పలు అమ్ముతూ కనిపించింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కత్తి పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మేడమ్‌గారండీ, ఆయనొచ్చాక ముందు ఆ ఫ్లెక్సీ గురించే గొడవ పెడతాడు. నేను చెబితే నమ్మడు. నా పేరు నేనే వెయ్యనివ్వలేదని మీరే చెప్పాలండి."

"అలాగేనమ్మా, చెబుతాను," అన్నాను. ఇంకేం అనగలను?

అప్పటినుంచి షాపు గుమ్మంలో ఏ మగమనిషి నిలబడి "మేడమ్" అని పిలిచినా, ఆ మాట నోట్లో సిద్ధం చేసుకునే తలెత్తుతున్నాను.