బల్ల మీద కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు మా బడి పీర్ల చావిడిలో నడిచేది. కోసిగి పక్క పల్లె మాది. పీర్ల పండగ వచ్చిందంటే మాకు సెలవులే, చావిడిని పీర్లకు అప్పజెప్పాలి కదా. పేడతో అలికిన నేల మీద కూర్చుని, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్ది, గొంతు చించుకుని ఎక్కాలు చదివేవాళ్లం. ఇంతకన్నా మంచి బడి ఉంటుందని నాకు తెలియదు.

వంక అవతలి ఊళ్లో ఇంకో బడి ఉండేది. ఇంత దగ్గర్లో రెండెందుకు, పోల్చి చూసి అవసరమైతే ఒకటి తీసేద్దామని పైనుంచి మాట వచ్చింది. బళ్ల ఇన్‌స్పెక్టరు ఆ ఊళ్లోనే రెండు బళ్ల పిల్లలనూ కూర్చోబెట్టి ఎక్కాలు అడుగుతాడన్నారు. మా బడి పోతే మగపిల్లలు వంక దాటి పోతారు. నన్ను మాత్రం పంపేది లేదని మా నాయన ముందే తేల్చేశాడు. అందుకే మా అయ్యవారు నాకు పట్టుబట్టి ఎక్కాలు నేర్పించాడు. పదమూడో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

పుష్యమాసం పొద్దున, పళ్లు కటకటలాడే చలిలో, దుప్పట్లు కప్పుకుని అయ్యవారి వెంట ఆ ఊరికి నడిచాం. నాపబండల మిద్దె, గోడకు గడియారం, వరసగా బెంచీలు. నేను అంతవరకూ బెంచీ చూసి ఎరగను. ఎత్తుగా ఉన్నదే కూర్చునేది అనుకుని, రాసుకునే బల్ల మీదికెక్కి, కూర్చునే చెక్క మీద కాళ్లు పెట్టుకున్నాను. నన్ను చూసి మా ఊరి పిల్లలూ అట్లే ఎక్కారు.

గది గదంతా నవ్వింది. "పలక పెట్టే చోట కూసున్యారు సూడప్పా" అన్నాడొకడు. ఇన్‌స్పెక్టరు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గబగబా కిందికి దిగాను గానీ, సిగ్గుతో చచ్చిపోయాను. గుమ్మం దగ్గర మా అయ్యవారు తల దించుకుని నిలబడ్డాడు. ఆ నవ్వులకంటే అదే నాకు ఎక్కువ బాధ. ఇన్‌స్పెక్టరు పదమూడో ఎక్కం అడిగితే నా నోట ఒక్క ముక్క రాలేదు.

అప్పుడు ఆ బడి టీచరమ్మ లేచింది. మా బడి పోతే పిల్లలు పెరిగేది ఆమె బడికే. అయినా, "అయ్యా, లోపల శానా ఉక్కగా ఉండాది, బయట కూసుందాం" అని అందరినీ ఆవరణలోకి తీసుకుపోయింది. తనే ముందు కొంగు దోపుకుని మట్టిలో కూర్చుంది. ఆ ఊరి పిల్లలు చలికి ముడుచుకుంటూ చుట్టూ చేరారు. నేల తగిలాక నాకు ఊపిరాడింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ అడిగాడు. ఎక్కం తడుముకోకుండా చెప్పాను. మా బడి నిలిచింది.

తిరిగివస్తూ, "ఇంత సలిలో ఆయమ్మకు ఉక్కేంది, అయ్యవారూ?" అని అడిగాను.

ఆయన జారిన నా దుప్పటిని సర్ది కప్పాడు. "ఉక్క పోసింది నీకు పాపా. ఆయమ్మ సూసింది" అన్నాడు.

ఆ మాటతో సిగ్గు తగ్గలేదు, ఇంకా పెరిగింది. నాకోసం అంతమంది పిల్లలు చలిలో కూర్చున్నారు, నేను ఆమెకు దండం కూడా పెట్టకుండా వచ్చేశాను.

ఇప్పటికీ మా ఇంటికొచ్చినవాళ్లు సోఫా ముందు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే, మోకాళ్లు సహకరించకపోయినా ముందు నేను కింద కూలబడతాను. లోపల ఉక్కగా ఉందంటూ వసారాలోకి పిలుస్తాను. ఏసీ నడుస్తుంటే ఉక్కేంది అవ్వా అని నా మనవరాలు నవ్వుతుంది. దానికింకా చెప్పలేదు. చెప్పాలంటే ఆ బల్ల దగ్గర మొదలుపెట్టాలి.