బావగారి మడత చాకు

మొన్న మా అల్లుడు పళ్ళు కోసుకోవడానికని ఫోనులో ఓ మడత చాకు తెప్పించుకున్నాడు. అట్టపెట్టె విప్పి, గోరు పెట్టి ఒకసారి లాగి, రాలేదని రెండోసారి లాగి, మరీ గట్టిగా ఉందంటూ అదే పెట్టెలో పెట్టి వెనక్కి పంపేశాడు. కొత్త చాకు గట్టిగా ఉండక వదులుగా ఉంటుందా అని నాకు ఒళ్ళు మండింది గానీ, అల్లుడు కదా, మజ్జిగ తాగి ఊరుకున్నాను. ఊరుకున్న మాటే గానీ ఆ రోజంతా కుదురుగా కూర్చోలేకపోయాను. కుడిచేతి బొటనవేలు దానంతటదే ఆడుతూనే ఉంది. కొత్త వస్తువుని చేత్తో ఆడించి ఆడించి దారికి తెచ్చుకున్న నా ఈడువాళ్ళకి ఇది అర్థమవుతుంది.

డెబ్బైల చివరి మాట. అయిదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదువుకుంటూ అక్షరాలు మరిచిపోకుండా కాపాడుకుంటూ, కొత్తపేట దగ్గర మా ఊళ్ళో కొబ్బరి పీచు షెడ్డులో పనిచేస్తుండేవాణ్ణి. మా అక్క కాపురం మా ఇంటి పక్కనే. బావగారు మస్కట్టులో తాపీపని. అక్కడినుంచి డబ్బు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అక్క ఇల్లు నడిచేది ఒక్క పాడిగేదె మీద. పిల్లదాని తిండీ బట్టా, పొయ్యిలో కట్టె, అన్నీ ఆ గేదె పాలలోంచి రావలసిందే.

ఆ ఏడు క్రిస్మస్‌కి బావగారు వస్తారనగా, ఆయనతో పనిచేసే రాజోలు వైపు ఆయన ముందుగా వచ్చి ఒక సంచి ఇచ్చి వెళ్ళేరు. సెంటు సీసా, పిల్లకి గౌను, వాటితోపాటు బావగారు తనకోసం మోజుపడి కొనుక్కున్న మడత చాకు. పిడి చూస్తే ముద్దొచ్చేలా ఉంది గానీ, తెరవబోతే గోరు ఊడి రావలసిందే తప్ప చాకు రాదు. అక్కకి బెంగ పట్టుకుంది. బావగారు మంచివారే, కానీ మొరాయించే వస్తువుని సహించే మనిషి కారు. మూత రాలేదని సీసాని గోడకేసి కొట్టడం మేం కళ్ళారా చూశాం.

“ఒరే తమ్ముడూ, ఆయనొచ్చేలోగా దీన్ని కాస్త వదులు చేసి పెట్టరా. ఇన్నాళ్ళకి ఇంటికొస్తున్నారు, వస్తూనే చిరాకు పడితే ఎలా చెప్పు?” అంది అక్క.

ఇక అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. అన్నం తింటూ ఎడమచేత్తో, షెడ్డులో పీచు ఆరబెట్టే సందున రెండు చేతులతో, నడుస్తున్నా ఆగినా టక్కు టక్కుమని అదే చప్పుడు. ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు కూడా నా చెయ్యి ఊరుకోలేదు. పాస్టరుగారు ప్రార్థన ఆపి, “ఆ కప్పని ఎవరో కాస్త బయట వదిలిరండమ్మా” అన్నారు.

ఇదంతా ఇలా ఉండగా సాయం చేసేవాళ్ళు ఎక్కువయ్యేరు. కోనసీమలో తలకైనా, కాలిన వేలికైనా, కిర్రుమనే తలుపుకైనా మందు ఒక్కటే గదా! అమ్మ చాకు కీలులో ఒక చుక్క కొబ్బరినూనె పోసింది. ఎదురింటి పిన్ని తాను మాత్రం తక్కువ తిందా, ఇంకో చుక్క పోసింది. షెడ్డు మేస్త్రీ ఏకంగా ముంచి తీశాడు. మధ్యాహ్నం ఎండలో చాకు నిజంగానే సులువుగా తెరుచుకునేది, దాంతో పని అయిపోయిందని అందరం సంబరపడ్డాం. ఆ నూనెకి పీచు పొడి అంటుకుని లోపల ముద్దకడుతోందనీ, చలికి ఆ నూనే పేరుకుంటుందనీ, సీసాలో పేరుకున్న నూనెని రోజూ ఎండలో పెట్టుకునే మాలో ఒక్కరికీ తట్టలేదు.

క్రిస్మస్ ఇంకా కొన్నాళ్ళుందనగా ఒక పొద్దున్న, మంచు బాగా కురుస్తుంటే, కాలవగట్టు మీదనుంచి అక్క కేక వినిపించింది. పరుగెత్తి వెళ్ళేసరికి గేదె కొబ్బరిచెట్టు చుట్టూ తిరిగి తిరిగి పలుపుతాడు మొత్తం చుట్టేసుకుని, గట్టు జారి, మెడకి బిగిసిన తాడు మీద కాలవలోకి వేలాడుతోంది. నాలుక బయటికొచ్చేసింది. అక్క మొలలోతు నీళ్ళలో దిగి దాని తలని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని వణికిపోతోంది.

“కొయ్యరా! ముడి రాదు, తాడు కొయ్యరా!”

జేబులో చాకు తీశాను. గోరు పెట్టి లాగితే రాయి. ఇన్నాళ్ళూ రాత్రింబవళ్ళు నేను ఆడించిన చాకు, కదిలితే ఒట్టు. ఇంటికి వెళ్ళి కత్తిపీట తెచ్చేలోగా గేదె దక్కదు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, ఆ చాకుని అలాగే నోట్లో కుక్కుకుని, బుగ్గన పెట్టి చప్పరించాను. నూనె, పీచు పొడి, ఇనుము, ఆ రుచి పగవాడికి కూడా వద్దు. వెచ్చటి ఎంగిలికి లోపలి నూనె కరిగిందో ఏమో, తీసి పళ్ళతో లాగితే సగం తెరుచుకుంది. ఆ సగంతోనే తాడుని రంపంలా కోశాను. గేదె బుడుంగున నీళ్ళలో మునిగి, అక్క కెవ్వుమనే లోపల తల పైకెత్తి బుస్సున ఊపిరి వదిలింది. అక్క దాని మెడ పట్టుకుని చాలాసేపు ఏడ్చి, తర్వాత నా నల్లటి మూతి చూసి నవ్వింది.

“మీ బావకి ఎంగిలి చాకు ఇస్తావుట్రా!”

ఆ రోజే చాకుని కిరసనాయిలులో నానబెట్టాను. నల్లటి బురద కారింది. నూనె అన్నవాళ్ళనల్లా తరిమికొట్టి, ఉత్తి చాకునే తెరిచి మూసి, ఇనుముకి ఇనుము రాసుకుని దారి ఏర్పడేదాకా ఆడించి, చివర దర్జీ బాబాయి దగ్గర ఒక్క బొట్టు మిషను నూనె అడిగి వేశాను. బొటనవేలు కాయకాసింది గానీ, చాకు మాట విన్నది.

బావగారు వచ్చేరు. పండగనాడు జామకాయ కోయబోతూ బొటనవేలితో అలా నెట్టేరో లేదో, చాకు హాయిగా తెరుచుకుంది.

“చూశావా బామ్మర్దీ, ఫారిన్ సరుకంటే ఇదీ! మనవాళ్ళని ఇలా చెయ్యమను చూద్దాం” అన్నారు.

నాకు నెత్తురు ఉడికిపోయింది. నోరు తెరవబోయాను. అక్క వెనకనుంచి నా జబ్బ గిల్లి, “ఆయ్, అవునండీ, అక్కడి సరుకే వేరండీ” అంది. తర్వాత వంటింట్లో నిలదీస్తే మెల్లగా చెప్పింది: “చాకు సంగతి చెబితే గేదె సంగతి చెప్పాలి. గేదె సంగతి వింటే ఆయన మళ్ళీ అక్కడికెళ్ళి కంటినిండా నిద్రపోతారురా?”

బావగారు మళ్ళీ వెళ్ళేరు, మళ్ళీ వచ్చేరు. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో అన్నీ ఆ చాకులాగే ఆయన చేతికి సులువుగా అందేవి. పిల్లకి జబ్బు చేసిన సంగతి గానీ, వరదకి వంటిల్లు కూలితే మేం కట్టుకున్న సంగతి గానీ ఆయనకి తెలియదు. “మా ఆవిడకి ఇల్లు నడపడం పుట్టుకతో వచ్చింది” అని నలుగురిలో అక్కని మెచ్చుకుంటూనే ఆయన కన్నుమూశారు. అక్క కూడా పోయింది.

ఇప్పుడు మా వీధిలో మనిషి దుబాయిలో ఉంటే, ఇక్కడ పాలు పొంగిన సంగతి పొయ్యి ఆపేలోగా అతనికి ఫోనులో కనిపిస్తుంది. అక్కడినుంచే పెళ్ళాన్ని కేకలేస్తాడు, ఆవిడా ఇక్కడినుంచి నాలుగు అంటించి గానీ ఫోను పెట్టదు. వినడానికి బాగుండదు గానీ, అదే మేలని నా మనసుకి తోస్తుంది. మా అక్క కూడా బావగారిని అలా ఒక్కసారి కేకలేసి, చన్నీళ్ళలో నిలబడి నేనెంత ఏడ్చానో తెలుసా అని అడిగి ఉంటే ఎంత బాగుండును!