మా తోడికోడలు విప్పిన పెన్సిళ్లు

మా తోడికోడలు పోయిన సంగతి నాకంటే ముందు నా బిడ్డకు తెలిసింది. నేను భద్రాచలంలో ఆఫీసులో ఉన్నాను. ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా బిడ్డ ఫోన్ చేసి, "అమ్మా, పెద్దమ్మ పోయిందట. నువ్వింకా ఇంటికి పోలేదా?" అని ఏడ్చింది. ఇంట్లోవాళ్లు ముందు దానికే చెప్పారు. పొద్దున కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి ఛాతీలో నొప్పి అందట. దవాఖానాకు చేరేలోపే అయిపోయిందట.

ఆటోలో గోదావరి వంతెన దాటుతూ ఏడ్చాను. ఏడుస్తూనే, ముందు నాకెందుకు చెప్పలేదని లోపల మండింది. పోయిన మనిషి మీద కూడా కుళ్లుకున్నాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ ఒక్క సంగతి దాచకూడదనుకున్నాను. ఆమె మంచితనం చెప్పడానికి మా బూర్గంపాడులో చాలామంది ఉన్నారు. ఆమెను చూసి పద్దెనిమిదేళ్లు కడుపు మండించుకున్న సంగతి నేను తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. పుట్టిల్లు ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక పల్లె. చదివింది ఏడో తరగతి. వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. నేను సివిల్ డిప్లొమా చదివాను. భద్రాచలంలో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తాను. కంప్యూటర్లు వచ్చినా, వచ్చినవాళ్ల ఎదురుగా మొదటి బొమ్మ చేత్తోనే గీయాలి. కాపురానికి వచ్చేటప్పుడు నా వెంట ఒక లెడ్ పెన్సిల్ తెచ్చుకున్నాను. మీకు తెలిసిందే, పైన నొక్కితే కింద సన్నటి లెడ్డు కొంచెం కొంచెం బయటికి వచ్చే పెన్సిల్. పైదంతా లోహం. ఖమ్మంలో కొన్నాను. దాన్ని మా ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

పెళ్లయిన ఏడాదికి అది మొండికేసింది. నొక్కితే లెడ్డు బయటికి వస్తుంది, వేలు తీయగానే మళ్లీ లోపలికి పోతుంది. లెడ్డు మార్చాను, విదిలించాను, ఊదాను. చివరికి చెత్తబుట్టలో వేయబోతుంటే మిషను ఆగిన చప్పుడైంది.

"చెల్లె, ఒకసారి ఇటియ్యి."

"అది మిషను కాదక్కా, పాడవుతుంది."

"పాడైందనే గదా పారేస్తున్నవ్" అంది.

తెల్లటి లైనింగు గుడ్డ ఒకటి బల్ల మీద పరిచింది. పైన బటన్ లాగింది, దాని కింద రబ్బరు తీసింది, ముందున్న ముక్కు తిప్పి విప్పింది. లోపలి గొట్టం జారి బయటికి వచ్చింది. ఒక్కో ముక్కనూ గుడ్డ మీద వరుసగా పేర్చింది. "ఇప్పిన వరుసల పెట్టుకోవాలె చెల్లె. మల్ల ఎక్కిచ్చేటప్పుడు ఎనకనుంచి రావాలె" అంది. మిషను విప్పి నూనె వేసే అలవాటు మరి.

గొట్టం చివర చిన్న ఇత్తడి ముక్క ఉంది. మూడుగా చీలి ఉంది. దాని మెడకు సన్నటి కడెం. కంటి దగ్గర పెట్టుకుని ఇరవై సార్లు నొక్కి చూసింది.

"గిది మన పట్కారే. మూడు కాళ్ల పట్కారు. మెడల కడెం ఉన్నంతసేపు నోరు మూసుకొని లెడ్డును పట్టుకుంటది. నొక్కినవనుకో, పట్కారు, కడెం, లెడ్డు అన్నీ కలిసి ముందలికి పోతయ్. కడెం గీ ముక్కు లోపల తట్టుకొని ఆగుతది. పట్కారు ఆగదు, ఇంకింత ముందలికి పోతది. కడెం జారిపాయె గదా, నోరు తెరుస్తది. ఏలు తీస్తే స్ప్రింగు పట్కారును ఎనక్కి గుంజుతది. లెడ్డు ఆడనే ఉండిపోవాలె. ఉంటలేదు. ఎందుకు?"

"ఎందుకు?" అన్నాను, డిప్లొమా చదివిన నేను.

"పట్కారు వదిలినప్పుడు దాన్ని ఆడ ఆపేటిది ఇంకోటి ఉండాలె."

ముక్కును వెలుతురుకు పెట్టి సూదితో గెలికింది. నల్లటి రబ్బరు పొట్టు ఒకటి రాలింది. ఆవగింజలో సగం ఉండదు. ముక్కు కొసన, లోపల, లెడ్డును బిగించి పట్టే చిన్న రబ్బరు బిళ్ల అది. అరిగి చినిగిపోయింది. అన్నేళ్లు ఆ పెన్సిల్‌తో గీసిన నాకు అలాంటిది ఒకటుందనే తెలియదు. మా ఆయన వాడి పారేసిన ఇయర్‌ఫోన్ వైరు తెప్పించి, లోపలి రాగితీగలు లాగేసి, పైతొడుగును బ్లేడుతో గింజంత ముక్క కోసింది. రెండు మూడు చెడిపోయాక ఒకటి కుదిరింది. సూదితో నెట్టి ముక్కులో కూర్చోబెట్టింది. అన్నీ ఎక్కించి నొక్కింది. లెడ్డు వచ్చింది. మళ్లీ నొక్కింది. ఇంకొంచెం వచ్చింది. వెనక్కి పోలేదు.

చాటలో బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ నవ్వింది. "ఏడు సదివినామెకు తెలిసె. ఏందే, నీకు కాలేజీల గిది నేర్పలేదా?" మా ఆయన కూడా నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. పెన్సిల్ నా చేతికిచ్చి, "గీసి సూడు" అంది. గీత ముందుకంటే బాగా వచ్చింది. లోపలికి పోయి దాన్ని డబ్బాలో పడేసి వారం రోజులు ముట్టుకోలేదు. నా కుళ్లు అక్కడ మొదలైంది.

ఆ తరువాత బడి పిల్లలకు ఎలా తెలిసిందో, సాయంత్రమైతే వరండా నిండిపోయేది. ప్లాస్టిక్‌వి, రంగురంగులవి, ముక్కు విరిగినవి పట్టుకొచ్చేవాళ్లు. అక్క విసుక్కునేది కాదు. గుడ్డ మీద గుర్తులు పెట్టుకునే సబ్బు ముక్క ఉంటుంది కదా, చిన్న స్ప్రింగులు ఎగిరిపోకుండా దానికి అద్ది పెట్టేది. ప్రతి పిల్లకూ అదే మాట చెప్పేది. "ఒక్కటే లెడ్డు ఏసుకో. నాలుగు కుక్కితే నాలుగూ చిక్కుతయ్. జోరు చెయ్యకు." లెక్కల సారు కూడా ఒకరోజు జేబులోంచి పెన్సిల్ తీసి, సిగ్గుపడుతూ ఆమె ముందు నిలబడ్డాడు. ఆదివారాలు ఇంటికే నా దగ్గరికి ప్లాను కోసం వచ్చినవాళ్లు నా కాగితం పక్కకు పెట్టి ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడేవాళ్లు. అలాంటప్పుడు నేను కావాలని స్కేలు కింద పడేసేదాన్ని.

ఆమెకు ఇద్దరు కొడుకులు. వాళ్లకు ఈ ముక్కల గొడవ పట్టలేదు. పట్టింది నా బిడ్డకు. బడి నుంచి వస్తూనే సంచి మిషను పక్కన పడేసి, ఆమె మోకాలి దగ్గర కూర్చునేది. "ఇవాళ ఏమైంది తల్లీ?" అని నేను అడిగితే "ఏం లేదు" అనేది. అదే నిమిషం అక్కకు అంతా చెప్పేది. గోడ ఇవతల నిలబడి వినేదాన్ని. ఒక తల్లి తన పిల్ల మాటలు చాటుగా వినడం ఎంత కష్టంగా ఉంటుందో నేను మీకు వేరే చెప్పనక్కర్లేదు.

బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉండగా భద్రాచలంలో పిల్లల సైన్సు ప్రదర్శన పెట్టారు. లెడ్ పెన్సిల్ లోపలి పనిని పెద్దదిగా చేసి చూపిస్తానని అది పేరిచ్చింది. చేసింది ఇద్దరూ కలిసి. నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపును లోపల కనిపించేలా నిలువుగా కోశారు. మణికట్టంత వెదురు తెప్పించి, అక్క దాని కొసను మూడుగా చీల్చింది. పొయ్యి సెగకు కాచి మూడు కాళ్లనూ కొంచెం బయటికి వంచింది. పుట్టింటి దగ్గర బుట్టలల్లేవాళ్లను చూసి నేర్చుకుందట. మెడకు అత్తమ్మ పాత ఇత్తడి కడెం. వెనక పాత స్కూటరు సీటు స్ప్రింగు. ముక్కులో సైకిలు ట్యూబు ముక్క. లెడ్డు బదులు నల్లరంగు పూసిన గుండ్రటి కర్ర. వెనక నుంచి నొక్కితే కడెం ఆగి, వెదురు కాళ్లు విచ్చుకుని, కర్ర అంగుళం ముందుకు వచ్చేది. చూడముచ్చటగా ఉండేది. నాకు చూడబుద్ధి కాలేదు.

ముందురోజు సాయంత్రం అక్క మంచి చీర ఒకటి తీసి ఇస్త్రీ చేసుకుంటోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"రేపు పెద్ద పెద్ద సార్లొస్తరక్కా. ఇంగ్లీషుల అడుగుతరు. నువ్వెందుకు ఇబ్బంది పడుడు? నేను పోతా గదా."

ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టింది. "అవ్, నిజమే" అంది. ఇస్త్రీ మడతల మీదే చీరను మళ్లీ మడిచి లోపల పెట్టేసింది.

ఆ రాత్రంతా వాన. పొద్దున నేనూ బిడ్డా ఆటోలో పోయాం. బల్ల మీద పెట్టే అట్ట మీద బిడ్డ పేరు రాసి, కింద "సహకారం" అని నా పేరు రాశాను. సార్లు మా బల్ల ముందుకు వచ్చారు. బిడ్డ నొక్కింది. కదల్లేదు. వాన తేమకు వెదురు ఉబ్బి కడెం బిగుసుకుంది. నేను చెయ్యేసి గట్టిగా నొక్కాను. ఫట్‌మని ఒక కాలు చిట్లింది.

"జోరు చెయ్యొద్దని పెద్దమ్మ చెప్పింది గదా!" అని బిడ్డ అందరి ముందు అరిచింది. "పెద్దమ్మైతే చేసేది!"

మళ్లీ వస్తామని సార్లు పక్క బల్లకు పోయారు. బిడ్డ నా సంచిలోంచి ఫోన్ తీసి ఆమెకు చేసింది.

అక్క ఇంట్లో కట్టుకున్న చీరలోనే వచ్చింది. భుజానికి దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. నన్ను ఒక్క మాట అడగలేదు. చిట్లిన కాలికి కుట్టుదారం గట్టిగా చుట్టింది. వెదురు పొడవునా సబ్బు ముక్క రుద్దింది. కడెం జారింది. సార్లు తిరిగొచ్చినప్పుడు ఆమే చెప్పింది, నాకు ఆ రోజు చెప్పినట్టే, పట్కారు అంటూ, కడెం అంటూ. ఇంగ్లీషులో మొదలుపెట్టిన సారు తెలుగులోకి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

అక్క బల్ల మీది అట్ట వైపు చూసింది. ఆమెకు చదవడం వచ్చు.

"ముగ్గురం చేసినం సార్. కొలతలు మా చెల్లె పెట్టింది" అంది.

నేను ఒక్క కొలతా పెట్టలేదు.

రెండో బహుమతి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోయింది. ఆ పక్కనే కూర్చుని క్షమించమని అడిగి ఉండాల్సింది. అడగలేదు. తిట్టినా బాగుండేది, నేనూ ఒక మాట అని తేలికపడేదాన్ని. నా తప్పును కూడా ఆమే సర్దేసిందన్న కోపమే నాకు మిగిలింది.

ఈ మధ్యే, పోవడానికి కొన్ని నెలల ముందు, ఒక ఆదివారం నేను ప్లాను గీస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"చెల్లె, నాకు గీసుడు నేర్పుతవా? పెన్సిల్ నిలువుగ కోస్తే లోపల ఎట్లుంటదో గట్ల. గోడకంటిస్తే పిలగాండ్లు వాళ్లే ఇప్పుకుంటరు. నా కండ్లు కూడ ఆనుతలేవు."

"చూద్దామక్కా, పని ఎక్కువుంది" అన్నాను.

పని అంత లేదు. ఆ ఇంట్లో ఆమెకు రానిది, నాకు వచ్చేది గీత ఒక్కటే. దాన్ని ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె రెండోసారి అడగలేదు.

ఆమెను సాగనంపిన రోజు జనం వాకిట్లో పట్టలేదు. జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్లు, ఇప్పుడు మీసాలొచ్చిన ఆనాటి పిల్లలు, లెక్కల సారు. నేను పోతే ఇందులో సగమైనా వస్తారా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. మళ్లీ అనుకున్నాను.

దినాలయ్యాక నా పెన్సిల్ విప్పి, ముక్క ముక్కా కొలిచి, పెద్ద కాగితం మీద ఆ బొమ్మ గీశాను. నీటుగా వచ్చింది. వరండా గోడకు అంటిస్తుంటే అత్తమ్మ చూసి, "ఆమె ఉన్నప్పుడు గీయకపోతివి" అంది. జిగురు ఆరేదాకా కాగితం అంచులు నొక్కి పట్టుకున్నాను.

నాలుగు రోజుల తరువాత మధ్యాహ్నం ఒక ఆవిడ వచ్చింది. ఆమెది అక్క పుట్టింటి వైపు పల్లె. రెండు ఆటోలు మారి వచ్చిందట. ఒక చేతిలో మోదుగాకు దొప్పలో అడవిలో ఏరిన తునికి పండ్లు, ఇంకో చేతిలో కూతురి లెడ్ పెన్సిల్. పిల్లకు పాలిటెక్నిక్ పరీక్ష ఉందట. అక్క పోయిన సంగతి ఆమెకు తెలియదు. చెప్పాను. మెట్టు మీద కూర్చుండిపోయింది. తరువాత పండ్లు గడప పక్కన పెట్టి, పెన్సిల్ నా వైపు చాపింది.

"నీకు రాదా అమ్మా?"

రాదని నాలుక చివరిదాకా వచ్చింది. "ఇటివ్వు" అన్నాను.

గుడ్డ పరిచాను. విప్పాను. పట్కారు కాళ్ల మధ్య విరిగిన లెడ్డు ముక్క ఇరుక్కుంది. సూదితో తీస్తుంటే స్ప్రింగు ఎగిరింది. ఇద్దరం మిషను కింద వంగి వెతికాం, ఆమెకే దొరికింది. వెనకనుంచి ఒక్కొక్కటీ ఎక్కించేసరికి చెమటలు పట్టాయి. నొక్కాను. లెడ్డు వచ్చింది, నిలిచింది.

ఆమె తీసుకుని చూసుకుంది. "ఆమె ఇంకా జల్దీ చేస్తుండె" అంది.

"అవ్" అన్నాను.

ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని రోడ్డు మీదికి దిగింది. నడుస్తూనే పెన్సిల్ నొక్కుతోంది, టిక్కు, టిక్కు అని. నొక్కిన కొద్దీ లెడ్డు పెరిగి వేలి కణుపంత బయటికి వచ్చింది. విరగ్గొట్టుకుంటుంది, పిలిచి చెప్పాలని గేటు దాకా పోయాను. ఆమె రోడ్డు మీదే ఆగింది. బటన్ నొక్కి పట్టి, లెడ్డు కొసను అరచేతికి ఆనించి, విరగకుండా మెల్లగా లోపలికి పంపింది. అది ఆమెకు నేను చూపించలేదు. తరువాత మళ్లీ మొదటినుంచి నొక్కుకుంటూ ఆటోల వైపు పోయింది.